ఆంటీ అడ్డొచ్చిన ఇంటర్వ్యూ

మార్చి రెండో గురువారం ఉదయం పదకొండు దాటాక, దేదీప్య వీడియోలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తుండగా, కృష్ణవేణి వెనక నుంచి వచ్చి ఇంటర్వ్యూ చేస్తున్న వ్యక్తిని ఇంటిపేరు అడిగింది.

అతను చెప్పాడు.

కాసేపటికి తెర మీద ఒక వాక్యం కనిపించింది. దేదీప్య ఇంటర్వ్యూ మరొకరికి బదిలీ అయింది, ఆమె మళ్లీ క్యూలో ఉండాలి, ఆమె నంబరు ఇరవై ఏడు.

ఇది అరిజోనాలోని చాండ్లర్‌లో, కృష్ణవేణి ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర జరిగింది. దేదీప్య ఖమ్మంలో బి.ఫార్మసీ చదివి, అక్కడే ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఏడాది పని చేసి, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో మాస్టర్స్ కోసం ఇక్కడికి వచ్చింది. డిసెంబరులో చదువు అయిపోయింది. చదువు అయ్యాక ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండడానికి స్టూడెంట్ వీసా కొంత గడువు ఇస్తుంది. ఆమె గడువు ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఆలోగా ఉద్యోగం రాకపోతే ఖమ్మం వెళ్లిపోవాలి.

కృష్ణవేణి ఇంట్లో మేడ మీద గదిలో దేదీప్య అద్దెకుంటోంది. ఆ గదిలో వైఫై నిలవదు. ఆ రోజు ఆమె హాజరైంది హెల్త్‌కేర్ ఉద్యోగాల వర్చువల్ ఫెయిర్‌కి. కనెక్షన్ తెగితే క్యూ చివరికి పోవాలని అందులో నిబంధన. అందుకని ఆమె కిందికి దిగి, వంటింటికి ఎదురుగా ఉన్న టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది. తప్పు అక్కడే మొదలైందని తర్వాత ఆమె అంది.

"ఆంటీ, ఇవాళ మూడింటి దాకా నేను కెమెరాలో ఉంటా. ప్లీజ్, ఇటు రాకండి."

"నేనెందుకొస్తానే? నా వంటేదో నాది."

"మిక్సీ కూడా..."

"మిక్సీ వెయ్యకుండా పెసరట్టు ఎలా వస్తుందో చెప్పు. మాస్టర్స్ చదివావుగా."

తొమ్మిదింటికి మిక్సీ మొదలైంది. ఫెయిర్ కూడా మొదలైంది.

తెర మీద ఒక లాబీ బొమ్మ వచ్చింది. దాని చుట్టూ ఆసుపత్రుల స్టాళ్లు. వచ్చినవాళ్లకు తలా ఒక మనిషి బొమ్మ ఇచ్చారు. కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కుతూ ఆ బొమ్మను నడిపించి స్టాల్ దగ్గరికి చేర్చాలి. దేదీప్య బొమ్మ నాలుగడుగులు వేసి పూలకుండీ వెనక ఇరుక్కుంది. దాన్ని బయటికి లాగుతుంటే పాప్-అప్‌లు వచ్చాయి. స్వాగతం అని ఒకటి. ప్రొఫైల్ పూర్తి చెయ్యమని ఒకటి. పాయింట్లు సంపాదించుకోవచ్చని ఒకటి. ఏ పాయింట్లో, వాటితో ఏం చేసుకోవాలో ఎక్కడా లేదు.

మొదటి స్టాల్‌లో ఉన్నావిడ నర్సు లైసెన్స్ ఉందా అని అడిగింది.

"నేను నర్సు కాదు మేడమ్. డేటా వైపు."

"నర్సు అవ్వాలని ఎప్పుడైనా అనుకున్నారా?"

రెండో స్టాల్‌లో మనిషి లేడు. మియా అనే బాట్ ఉంది. వీసా స్పాన్సర్ చేస్తారా అని దేదీప్య టైప్ చేసింది. చాలా మంచి ప్రశ్న అని మియా మెచ్చుకుని, తమ సంస్థ విలువల గురించి ఒక వీడియో పెట్టింది. మళ్లీ అడిగితే మళ్లీ మెచ్చుకుంది.

మూడో స్టాల్‌లో మనిషే ఉన్నాడు.

"మీకు స్పాన్సర్‌షిప్ కావాలా?"

"ఇప్పుడు అక్కర్లేదు సర్. స్టూడెంట్ వీసా మీదే పని చెయ్యొచ్చు. మూడేళ్ల తర్వాత..."

వాక్యం పూర్తి కాలేదు. మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు అని తెర చెప్పింది. తెర నిండా రంగు కాగితాల బొమ్మలు రాలాయి.

"ఏమైందే?" అంది కృష్ణవేణి వంటింట్లోంచి.

"ఏం కాలేదు ఆంటీ. పండగ చేస్తున్నరు."

మిగిలింది ఫీనిక్స్‌లోని ఒక యూనివర్సిటీ ఆసుపత్రి. అసలు ఆమె వచ్చిందే దాని కోసం. యూనివర్సిటీ ఆసుపత్రి కాబట్టి తర్వాత ఉద్యోగ వీసాకి లాటరీలో పేరు రావాల్సిన పని లేదు. ఫార్మసీ సాఫ్ట్‌వేర్ చూసుకునే టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. ఆమె చదివింది, చేసింది ఆ పనే.

క్యూలో ఆమె నంబరు మూడు అంది తెర. తర్వాత పంతొమ్మిది అంది. తర్వాత ఏమీ అనకుండా గది తలుపు తెరుచుకుంది. లోపల మెడలో స్టెతస్కోప్ వేసుకున్న డాక్టర్ బొమ్మ ఒకటి నిలబడి ఉంది. అవతలి కెమెరా ఆఫ్‌లో ఉంది. ఎవరూ లేరనుకుంది దేదీప్య.

"దీని దుంప తెగ," అంది. "పొద్దుటి నుంచి కుండీ ఎనక నిలబెట్టి సంపుతుంది."

"దుంప అంటే పొటాటో కదా?" అంది డాక్టర్ బొమ్మ. "ఏం చేసింది పొటాటో?"

దేదీప్య మైక్ చూసుకుంది. ఆన్‌లోనే ఉంది.

కెమెరా వెలిగింది. ఇరవై ఆరేడేళ్ల యువకుడు కనిపించాడు. నవ్వు ఆపుకోవడానికి కాఫీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు. కప్పు చాల్లేదు.

"అయాం సో సారీ," అంది దేదీప్య. "మీరు తెలుగా?"

"ఇంట్లో తెలుగు. బయట ఇంగ్లిష్. నేను శ్రేయాస్. ఇక్కడే పుట్టాను, టక్సన్‌లో."

"మీరు డాక్టరా?"

"కాదు. సైట్ ఈ బొమ్మ ఇచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపించా. ఒక్క రోజు అయినా హ్యాపీగా ఉంటుంది."

ఈసారి దేదీప్య నవ్వింది. తర్వాత ఇద్దరూ సర్దుకుని ఇంగ్లిష్‌లోకి వచ్చారు.

అందరినీ అడిగే ప్రశ్నే అతను ఆమెనూ అడిగాడు. నర్సు మందు ఎక్కించబోయేటప్పుడు, మోతాదు ఎక్కువైందని కంప్యూటర్ హెచ్చరిక చూపిస్తుంది. నర్సు దాన్ని చదవకుండా కొట్టేస్తుంది. ఇది రోజూ జరుగుతోంది. మీరైతే ఏం చేస్తారు?

"హెచ్చరికలు తగ్గిస్తాను," అంది దేదీప్య.

"తగ్గిస్తారా? అందరూ పెంచుతాం అంటారు."

"ఈ ఫెయిర్‌లోకి వచ్చినప్పటి నుంచి నాకు లెక్కలేనన్ని పాప్-అప్‌లు వచ్చాయి. ఒక్కటీ చదవలేదు. అన్నీ కొట్టేశాను. అందులో ఒకటి పనికొచ్చేదేమో, నాకు తెలియదు. నర్సులు కూడా అంతే. ఖమ్మంలో మా ఫార్మసీ సిస్టమ్ పారాసిటమాల్‌కీ మోగేది, ఇన్సులిన్‌కీ మోగేది. ఒకే మోత. నర్సు తప్పు కాదండి అది. మోత తప్పు."

ఆమె ఎప్పుడు తెలుగులోకి వచ్చిందో ఆమెకు తెలియలేదు. అతను ఆపలేదు. తల వంచి ఏదో టైప్ చేశాడు. మార్కులు వేస్తున్నాడనుకుంది.

"ఇంకా చెప్పు," అన్నాడు తలెత్తి.

వంటింట్లో కృష్ణవేణికి మగ గొంతు వినిపించింది. అది తెలుగు గొంతు. పెసరట్టు ప్లేటుతో ఆమె బయటికి వచ్చింది. తను ప్లేటు పెట్టి వెళ్లిపోదామనే వచ్చానని ఆమె ఇప్పటికీ అంటుంది.

"చల్లారిపోతోందే, ఒక ముక్క తిను. ఎవరే, తెలుగబ్బాయా? బాబూ, బాగున్నావా? ఇంటిపేరేంటి నాన్నా?"

"ఆంటీ!" అంది దేదీప్య పళ్ల మధ్య నుంచి.

శ్రేయాస్ ఆ క్షణంలో ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ ఆంటీ అడిగితే జవాబు చెప్పకుండా ఉండడం అతనికి ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

"నమస్తే ఆంటీ. నువ్వు ఎలా ఉన్నావ్? కొల్లూరి, ఆంటీ."

"కొల్లూరి వాళ్లా? ఏ ఊరు మీది?"

"టక్సన్."

"అది కాదు నాన్నా, అసలు ఊరు."

"అమ్మది తెనాలి."

"మీ అమ్మ పేరు సుధ కాదు కదా?"

"అవును, సుధ."

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! టక్సన్ సుధ కొడుకువా? గుడిలో పులిహోర మేమిద్దరమేగా కలిపింది! ఉండు, ఇప్పుడే చేస్తా దానికి."

ప్లేటు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి ఆమె ఫోన్ తీసింది. సుధ మొదటి రింగ్‌కే ఎత్తింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"సుధా, మీవాడు మా అమ్మాయిని ఇంటర్వ్యూ చేస్తున్నాడే. నా ఎదురుగానే ఉన్నాడు. కాస్త చెప్పవే వాడికి, మంచి పిల్లని."

శ్రేయాస్ ఒక చేత్తో మొహం కప్పుకున్నాడు. తెర మారింది. ఇంటర్వ్యూ బదిలీ అయిందన్న వాక్యం వచ్చింది. ఇరవై ఏడు అంది.

దేదీప్య కృష్ణవేణి వైపు తిరిగింది.

"ఆంటీ, ఏం చేసిన్రు మీరు?"

"ఏం చేశానే? రికమండేషన్ చేశాను."

"ఇక్కడ అట్ల కుదరదు. ఇంటర్వ్యూ చేసేటోళ్లకి మనం తెలిసినోళ్లమైతే వాళ్లు తప్పుకోవాలె. రూల్ అది."

"తెలిసినవాళ్లుంటే పనవుతుంది గానీ ఆగుతుందా ఎక్కడన్నా?"

"ఇక్కడ ఆగుతుంది!"

కృష్ణవేణి భర్త చక్రపాణి ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. గది తలుపు తీసి చూశాడు.

"కృష్ణా, ఫోన్ పెట్టేయ్," అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

ఫోన్‌లో సుధ ఇంకా ఉంది. "అమ్మాయి గొంతు బానే ఉంది వదినా," అంది.

ఇరవై ఏడో నంబరు రెండున్నర దాటాక వచ్చింది. అప్పటికి దేదీప్య ఏమీ తినలేదు. కొత్తగా వచ్చినావిడ పేరు డెనీస్. ఆ టీమ్‌కి మేనేజర్. నవ్వలేదు. హెచ్చరికల ప్రశ్న మళ్లీ అడిగింది. దేదీప్య అదే జవాబు చెప్పింది, ఈసారి కోపంగా. డెనీస్ అక్కడితో వదల్లేదు. ఏ హెచ్చరికలు తీసేస్తారు, ఎవర్ని అడిగి తీస్తారు, తీసేశాక ఒక రోగికి ప్రమాదం జరిగితే ఎవరికి ఏమని చెబుతారు అని వరసగా అడిగింది. ముందు మీ నర్సులు ఏవి కొట్టేస్తున్నారో ఒక నెల చూస్తానని, చూడకుండా ఒక్కటీ తీయనని దేదీప్య చెప్పింది. ప్రమాదం గురించిన ప్రశ్నకు మాత్రం నాకు తెలియదు అంది. డెనీస్ ఏదో అనబోయింది. ఫెయిర్ ముగిసింది. రంగు కాగితాలు రాలాయి.

తర్వాతి రెండు వారాలు ఆసుపత్రి నుంచి మాట లేదు. శ్రేయాస్ నుంచి కూడా లేదు. సుధ మాత్రం అతని ఫోన్ నంబరు కృష్ణవేణికి పంపింది.

"ఒక్కసారి ఫోన్ చేసి చూడవే. ఏమైందో వాడికి తెలుస్తుందిగా."

"సగంలో వదిలేసి పోయినోడికి నేనెందుకు చెయ్యాలె ఆంటీ?"

"వాడెక్కడ పోయాడే? రూలంటివిగా."

"ఒక్క మాట చెప్పి పోవచ్చు కదా. సారీ అనొచ్చు కదా."

"అంటే నీకు కోపం ఉద్యోగం గురించా, వాడి గురించా?"

దేదీప్య లేచి మేడ మీదికి వెళ్లిపోయింది. అక్కడ వైఫై లేదు. మెయిల్ చూసుకోవడానికి మళ్లీ కిందికి రావలసి వచ్చింది.

మార్చి చివరి వారంలో డెనీస్ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఏప్రిల్ మొదటి సోమవారం చేరాలి. గడువు కన్నా ముందే. దేదీప్య మెయిల్ రెండుసార్లు చదివి, సంతకం చేసి పంపి, ఆ తర్వాత కృష్ణవేణికి చెప్పింది. కృష్ణవేణి ముందు దేవుడికి దండం పెట్టింది. తర్వాత సుధకి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో చేరేవాళ్లెవరికైనా ముందు టీబీ పరీక్ష చేస్తారు. చేతి మీద చర్మంలోకి మందు ఎక్కించి పంపిస్తారు. రెండు రోజుల తర్వాత వెళ్లి ఆ చెయ్యి చూపించాలి. బుధవారం దేదీప్య ఫీనిక్స్ వెళ్లి సూది వేయించుకుంది. బయటికి వచ్చేసరికి వాన పడుతోంది. ఫీనిక్స్‌లో గొడుగు ఉన్నవాళ్లు తక్కువ. సిబ్బంది పది మంది దాకా తలుపు దగ్గరికి వచ్చి ఫోన్లలో వానను వీడియో తీసుకుంటున్నారు. వాళ్లలో శ్రేయాస్ ఉన్నాడు.

అతను ఆమెను చూశాడు. ఫోన్ జేబులో పెట్టాడు.

"హాయ్. కంగ్రాట్స్."

"థాంక్స్ అండి."

"కోపమా?"

"ఎందుకు కోపం? ఇరవై ఏడో నంబరు ఇచ్చి పోయిన్రు. చాలా బాగుంది."

"నేను ఇవ్వలేదు. సైట్ ఇచ్చింది."

"మా ఆంటీ తరఫున సారీ. ఆమె అట్ల ఫోన్ చెయ్యకపోతే మీరు తప్పుకునేవాళ్లు కాదు. నాకు తెలుసు. కానీ ఒక్క మెసేజ్ పెట్టొచ్చు కదా తర్వాత."

"పెట్టకూడదు. నీ రిజల్ట్ వచ్చేదాకా నీతో మాట్లాడొద్దు అన్నారు. అండ్ ఆంటీ వల్ల కాదు."

"ఏంటి ఆంటీ వల్ల కాదు?"

"తప్పుకున్నది. ఆంటీ రాకముందే డెనీస్‌కి మెసేజ్ చేశా."

వాన పెరిగింది. తలుపు దగ్గరివాళ్లు ఒకడుగు లోపలికి జరిగారు. వీళ్లిద్దరూ గోడవైపు జరగాల్సి వచ్చింది.

"ఆంటీ రాకముందా? ఎందుకు? అంత చెత్తగా చెప్పానా?"

"నో! నువ్వు మోత తప్పు అన్నావ్ కదా. అప్పుడు మార్కులు వెయ్యాలి. నేను మార్కులు వెయ్యట్లేదు. నిన్ను చూస్తున్నా. సో డెనీస్‌కి టైప్ చేశా, ఈ అమ్మాయికి నేను మార్కులు వెయ్యలేను అని."

"అంతేనా?"

"కారణం రాయాలి. రూల్."

"ఏం రాసిన్రు?"

శ్రేయాస్ వాన వైపు చూశాడు.

"ఐ లైక్ హర్, అని."

"డెనీస్‌కా?"

"మరి కారణం అదే కదా. అబద్ధం రాయాలా?"

దేదీప్య ఏదో లెక్క వేసుకుంది. లెక్క తేలాక చేత్తో నుదురు కొట్టుకోబోయి, సూది వేసిన చెయ్యి అని గుర్తొచ్చి రెండో చేత్తో కొట్టుకుంది.

"అంటే ఆమె నన్ను అన్ని ప్రశ్నలు అడుగుతున్నప్పుడు ఇది ఆమెకి తెలుసు."

"తెలుసు."

"నేను కోపంగా జవాబులు చెబుతుంటే ఆమె ఇది మనసులో పెట్టుకుని నన్ను చూస్తుంది."

"ప్రాబబ్లీ."

"దేవుడా. సోమవారం నుంచి ఆమె నా మేనేజర్!"

"నాకు కాదు. నేను ల్యాబ్ టీమ్. ఆ రోజు ఫెయిర్‌కి వాళ్లకి మనిషి దొరకలేదు, నన్ను కూర్చోబెట్టారు. సో మనకి ప్రాబ్లం లేదు."

"మనకి అంటే?"

"అంటే... కాఫీకి. మనం కాఫీ తాగితే."

"తాగుతా అని నేనన్నానా?"

"అనలేదు. శుక్రవారం చెయ్యి చూపించడానికి ఎలాగూ వస్తావ్ కదా. నేను ఇక్కడే ఉంటా. వద్దు అంటే వెళ్లిపోతా. ప్రామిస్."

"నువ్వు నువ్వు అంటున్రు. నేను మీరు అంటున్నా. గమనించిన్రా?"

"నాకు మీరు రాదు. అమ్మ ట్రై చేసింది."

దేదీప్య హ్యాండ్‌బ్యాగ్ నెత్తి మీద పెట్టుకుంది. వాన తగ్గకముందే కార్ వైపు పరిగెత్తింది.

ఆ రాత్రి కృష్ణవేణి అడిగింది. "సుధ కొడుకు కనిపించాడంట. ఏమన్నాడే?"

"వాన బాగా పడుతుంది అన్నడు."

"అంతేనా?"

"అంతే ఆంటీ. ఇది మాత్రం మీరు ఎవరికీ ఫోన్ చెయ్యకండి. దండం పెడతా."

కృష్ణవేణి మాట ఇచ్చింది. మూడు రోజుల వరకు ఆ మాట మీద నిలబడింది.

గురువారం దేదీప్య కొత్త ఉద్యోగుల ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చేసింది. చేతులు కడుక్కోవడం గురించి ఒక పాఠం, మంటలు అంటుకుంటే ఏం చెయ్యాలో ఒక పాఠం ఉన్నాయి. మరో పాఠంలో, ఆసుపత్రిలో పని చేసేవాళ్లెవరితోనైనా వ్యక్తిగత సంబంధం ఉంటే మేనేజర్‌కి ముందే చెప్పాలని ఉంది. ఆ పాఠం ఆమె వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది.

శుక్రవారం నర్సు ఆమె చెయ్యి చూసి నెగెటివ్ అని రాసింది. శ్రేయాస్ తలుపు దగ్గర ఉన్నాడు. రెండు కప్పులు పట్టుకుని ఉన్నాడు.

"ఒకటి టీ, ఒకటి కాఫీ. నీకు ఏది ఇష్టమో తెలీదు."

"డెనీస్‌కి మెయిల్ పెట్టాను," అంది దేదీప్య.

"ఎందుకు? ఏమైంది?"

"ఇక్కడ ఎవరితోనైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలంట కదా. ట్రైనింగ్‌లో ఉంది. చెప్పిన."

"ఏమని?"

"ఉంది అని."

శ్రేయాస్ చేతిలో కప్పు ఒరిగింది. టీ కొంచెం నేల మీద పడింది.

"మనం ఇంకా ఒక్క కాఫీ కూడా తాగలేదు!"

"మీరు నా పేరు కూడా సరిగ్గా తెలియకముందే మెసేజ్ పెట్టిన్రు. నేను రెండు రోజులు ఆగిన. ఎవరు నయం?" అంది దేదీప్య. "కాఫీ ఇటివ్వు."

అతను ఇచ్చాడు.

డెనీస్ జవాబు మధ్యాహ్నం వచ్చింది. అందులో ఒక్క మాటే ఉంది: నోటెడ్.